గాలంతోపాటు గొడుగు

ఊరికే వచ్చింది ఏదైనా నాకు అనుమానమే. ఆఫీసులో కంపెనీ పేరు వేసి పంచిపెట్టిన పెన్ను కూడా నా బల్ల మీద ఉండదు. ఈ దేశానికి, టాలట్ అనే ఊళ్లో ఎమ్మెస్ చదవడానికి వచ్చిన కొత్తలో సగం అద్దెకే గది ఇస్తానని ఒక పెద్దమనిషి నా చేత అడ్వాన్సు కట్టించుకున్నాడు. సూట్‌కేసులు ఈడ్చుకుంటూ వెళ్లి చూస్తే ఆ వీధిలో ఆ నంబరు ఇల్లే లేదు. అప్పటినుంచి ఎవరైనా నవ్వుతూ తక్కువ ధర చెబితే చాలు, నా చెయ్యి జేబు మీదికి పోతుంది. దొరికిన ఉద్యోగం కూడా దానికి తగ్గదే. బ్లాంచర్డ్స్‌టౌన్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవడు ఎక్కడ తప్పు చేశాడా అని పొద్దస్తమానం వెతకడమే పని. కోడిగుడ్డు మీద ఈకలు పీకినందుకు జీతం కూడా ఇచ్చే దేశం ఇదేనని మా ఆవిడ మధులిక దెప్పుతూ ఉంటుంది.

అలాంటి నేను చేపల గాలం కొనాల్సి వచ్చింది. అదీ చవగ్గా. అదీ శనివారం లోపల.

మాది ఉల్లిపాయ తరగడానికే విడిగా కత్తి పెట్టుకున్న ఇంటి వంశం. చేప సంగతి చెప్పక్కర్లేదు. కానీ మా ఆఫీసులో నా పక్క సీటు డెర్మట్‌ది. ఏటా మే నెలలో షీలిన్ అనే సరస్సుకి వెళ్తాడు. ఆ రోజుల్లో నీళ్లలోంచి పెద్ద పెద్ద ఈగలు లేస్తాయట, వాటికోసం అడుగున దాక్కున్న పెద్ద ట్రౌట్ చేపలు పైకొస్తాయట. పడవలో ఇద్దరుండాలి, చెరో కొసన ఒకరు. డెర్మట్‌తో ఎప్పుడూ వెళ్లే మనిషికి మోకాలి ఆపరేషన్ అయింది. దాంతో ఒక సోమవారం కాఫీ మిషన్ దగ్గర నన్ను పిలిచాడు. శనివారం పొద్దున్నే రమ్మన్నాడు. పెద్ద చేపను పట్టి, ఫోటో తీసి, మళ్లీ నీళ్లలో వదిలేస్తామని, కాబట్టి నా ఆచారానికి వచ్చిన నష్టమేమీ లేదని కూడా చెప్పాడు.

ఈ దేశంలో ఇన్నేళ్లున్నాను. వాన గురించి మాట్లాడారు, ఎలా ఉన్నారంటే "గ్రాండ్" అన్నారు, తలుపు పట్టుకుని నిలబడి ముందు నన్ను వెళ్లనిచ్చారు. ఆఫీసు గడప దాటాక "మాతో రా" అన్న మనిషి మాత్రం డెర్మట్ ఒక్కడే. నాకు చేప అక్కర్లేదు. పడవలో ఆ రెండో కొస కావాలి. అది ఎంత కావాలో మధులికకి కూడా పూర్తిగా చెప్పలేదు, చెబితే నవ్వుతుందని.

డెర్మట్ దగ్గర అదనంగా ఉన్న గాలంకర్ర పోయినేడాది కారు తలుపులో పడి విరిగిందట. ఎలాంటిది కొనుక్కోవాలో మాత్రం వివరంగా చెప్పాడు. కర్ర పది అడుగులు ఉండాలి, ఏడో నంబరు దారం, అంటే కాస్త బరువైనది, మొయ్యాలి. చేప పడవ కిందికి దూరితే కర్ర చాపి అవతలికి తిప్పుకోవాలి కాబట్టి ఆ పొడుగు. కొస మెత్తగా వంగాలి. పెద్ద ట్రౌట్ తల విదిలించిందంటే బిగుసుకున్న కర్రకి చివరనున్న సన్నదారం పుటుక్కున తెగుతుంది, మెత్తటి కొస అయితే ఆ విదిలింపును మింగుతుంది. ఎర ఉండదు. కొక్కేనికి ఈకలూ దారాలూ చుట్టి ఈగలాగా చేస్తారు, దాన్నే ఫ్లై అంటారు. డబ్బంతా కర్ర మీద తగలెయ్యొద్దు, చవకదే తీసుకో, దారం మాత్రం మంచిది కొనుక్కో అన్నాడు. ఆ మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. తను మాత్రం ఖరీదైన కర్ర పట్టుకుని నాకు చవకది చాలంటాడేం?

మర్నాడు సిటీలో ఒక దుకాణానికి వెళ్లాను. ఎంతలో చూస్తున్నారని అడిగాడు అమ్మేవాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పినవాడు బాగుపడ్డట్టు నేనెక్కడా చూడలేదు, అందుకని నోరు మూసుకున్నాను. మూడు కర్రలు తెచ్చాడు. మూడో దాని ఖరీదుతో నేనూ మధులికా హైదరాబాద్ వెళ్లి రావచ్చు. నా మొహం చూసి, కర్రా, దారం చుట్టుకునే చక్రమూ, దారమూ అన్నీ కలిపి ఒకే పెట్టెలో వచ్చే చవక సెట్టు ఒకటి తీశాడు. తొమ్మిదడుగులు, అయిదో నంబరు. దీనితో ఏదైనా పట్టొచ్చన్నాడు. అక్కడే ఫోటో తీసి డెర్మట్‌కి పంపాను. వాగుల్లో చిన్నచేపలకి బ్రహ్మాండంగా ఉంటుంది, షీలిన్ మీద పెద్దది తగిలితే నిన్నూ కర్రనూ కలిపి లాక్కెళ్తుంది అని జవాబొచ్చింది. దుకాణం వాళ్లు అబద్ధాలాడతారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో రివ్యూలు చదివితే ఒక కర్రకి అయిదు నక్షత్రాలిచ్చిన వాళ్లంతా ఒకే రోజున, ఒకే రకం మాటలతో మెచ్చుకున్నారు. కట్టుకున్న పెళ్లాలనయినా వాళ్లు అంత మెచ్చుకోరు.

"చేపని పట్టుకోవడం, ముద్దు చేసి వదిలెయ్యడం. దీనికి మళ్లీ రీసెర్చి" అంది మధులిక దోసె తిరగేస్తూ.

బుధవారం సాయంత్రం పాత సామాన్లు అమ్ముకునే సైట్‌లో ఆ ప్రకటన కనపడింది. పదడుగులు, ఏడో నంబరు, నాలుగు ముక్కలుగా విడదీసుకునేది, చక్రం, దారం సహా. ఊరు డ్రోహెడా. ధర చూస్తే కొత్తదాంట్లో మూడో వంతు కూడా లేదు. పూలపూల దుప్పటి మీద పెట్టి తీసిన ఫోటో. కింద ఒక్కటే ముక్క: బాగా చూసుకున్నది.

అంత బాగా చూసుకున్నదాన్ని అంత తక్కువకి ఎందుకు అమ్ముతున్నట్టు? దొంగ సొమ్మైనా కావాలి, విరిగితే అతికించిందైనా కావాలి. అయినా ఫోన్ చేశాను. పెద్దావిడ ఎత్తింది. కర్ర గురించి నేనడగాల్సింది పోయి ఆవిడే నన్ను అడగడం మొదలుపెట్టింది. మీరే వాడతారా, మళ్లీ అమ్ముతారా? ఏ సరస్సు మీద? ఎవరితో? ఎప్పుడు? డబ్బులు ముందే పంపనా అని పరీక్షకి అడిగితే వద్దంది, మనిషి రావాలంది. ఫోన్ పెట్టేశాక ఆ ప్రశ్నలన్నీ నెమరేసుకుంటుంటే నాకు ఒళ్లు మండింది. శనివారం నేనింట్లో ఉండనని నా నోటితో నేనే చెప్పాను కదా.

"అయితే నేనూ వస్తాలెండి. ఇద్దరినీ కలిపే కిడ్నాప్ చేస్తారు" అంది మధులిక.

గురువారం ఆఫీసు నుంచి అటే వెళ్లాం. బోయిన్ నది పక్కన, ఎత్తు మీద, వరసలో చివరి ఇల్లు. తలుపు తీసినావిడకి డెబ్బై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, భుజాల మీద బూడిదరంగు స్వెట్టరుతో ఉంది. పేరు అబిగేయిల్ అని చెప్పి టీ తాగుతారా అని అడిగింది. అమ్మేవాళ్లింట్లో టీ తాగితే బేరం ఆడటానికి నోరు రాదు. వద్దన్నాను. మధులిక తాగుతానంది.

వెనకపెరట్లో కర్ర బిగించి చూశాను. ఊపితే కొస మెత్తగా వంగి మళ్లీ తన చోటికొచ్చి నిలబడింది. డెర్మట్ చెప్పినట్టే ఉంది. అదే నా బాధ. తప్పు కనపడకపోతే టెస్టరుకి నిద్ర పట్టదు. ఒక్కో ముక్కా వెలుతురుకి పెట్టి చూశాను, అతుకుల్లో వేలు తిప్పాను. మూడో ముక్క మీద దొరికింది. దారం దూరే రింగుల్లో ఒకదానికి మిగతావాటిలా ఆకుపచ్చ దారం కాకుండా ఎర్రదారం చుట్టి ఉంది. అంటే రిపేరు చేసిందన్నమాట. అదేమిటని నిలదీశాను. రింగు ఊడితే మా ఆయన టీవీ చూస్తూ కూర్చుని చుట్టాడు, ఇంట్లో ఆ రంగే ఉంది అంది. ఆ వంక పెట్టుకుని ధర తగ్గించమన్నాను. సిగ్గుపడేంత తక్కువ చెప్పాను. ఆవిడ సరేనంది.

మొదటి మాటకే ఒప్పుకునే అమ్మకందారు ఈ భూమ్మీద ఉంటుందా? నా అనుమానం రెట్టింపయింది. బిల్లుందా అన్నాను. లేదంది. కర్ర మీ ఆయనది కదా, మీరు అమ్ముతున్నట్టు ఆయనకి తెలుసా అన్నాను.

"తెలియదు. ఫింటన్ పోయాడు" అంది.

మధులిక నా వీపు మీద గట్టిగా గిల్లింది. సారీ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను, కానీ లోపల టెస్టరు ఊరుకోడు కదా, చచ్చిపోయాడంటే ఎవరైనా ఇంక ప్రశ్నలడగరని తెలిసే చెప్పిందేమో అని ఒక మూల గొణుగుతూనే ఉన్నాడు. డబ్బులు తీశాను. ఆవిడ డబ్బుల వంక చూడకుండా హాల్లోకి వెళ్లి మెట్ల కింద ఉన్న అర తలుపు తెరిచింది.

ముందు ఒక గొడుగు తీసింది. ఒడ్డున కూర్చుని అన్నం తినేటప్పుడు వాన వస్తే పనికొస్తుంది, తీసుకెళ్లండి అంది. దానికెంత అన్నాను. ఊరికే అంది. వద్దన్నాను. ఆవిడ విననట్టే గొడుగు గోడకానించి లోపలికి వంగింది. చేతికర్ర తీసింది, రాళ్ల మీద నడిచేటప్పుడు ఊతానికట. తోలుబూట్ల జత తీసింది. మందపాటి ఉన్ని కంబళి తీసింది. చీకటి పడ్డాక పడవ కట్టుకోవడానికి దీపం. మూతతో నీళ్ల చెంబులాంటి లోహపు సీసా. అన్నీ ఒక్కొక్కటిగా నా కాళ్ల దగ్గర పేరుస్తోంది. చివరికి లోపలినుంచి బరబరా ఈడుస్తూ మడతమంచం ఒకటి బయటికి తెచ్చింది.

గొడుగు, కర్ర, చెప్పులు, కంబళి, దీపం, చెంబు, మంచం.

మీ ఆయన పోయి ఎన్నాళ్లయిందని అడిగాను. నెల అంది. నిన్ననే చర్చిలో నెల ప్రార్థన జరిగిందని, ఇక్కడ అందరూ అలా చేయిస్తారని చెప్పింది. నిన్న మాసికం, ఇవాళ నన్ను పిలిచి దానాలు.

మా తాత రాజమండ్రిలో దానాలు పట్టేవాడు. ఎవరింట్లోనైనా మనిషి పోతే, పదకొండో రోజున పోయినవాడి పేరు మీద ఇచ్చే గొడుగూ చెప్పులూ మంచమూ పుచ్చుకోవడానికి ఒక బ్రాహ్మడు కావాలి. వాటితో పాటు పోయినవాడి పాపం కూడా వస్తుందని ఎవరూ పుచ్చుకోరు. మా తాత పుచ్చుకునేవాడు, ఇంట్లో అయిదుగురు పిల్లలు కాబట్టి. మా నాన్న చిన్నప్పుడు బడికి పట్టుకెళ్లిన గొడుగు ఎవరిదో తోటిపిల్లలు పేరు పెట్టి మరీ చెప్పేవారట. పెళ్లిళ్లలో తాతని విడిగా కూర్చోబెట్టేవారు. మా నాన్న బ్యాంకులో ఉద్యోగం వచ్చిన రోజున ఇంట్లో ఉన్న కర్రలూ కంబళ్లూ అన్నీ ఎవరికో ఇచ్చేసి, ఇక మన గుమ్మంలోకి ఊరికే వచ్చింది ఏదీ రాకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. నేను ఆ ఒట్టులోనే పుట్టాను.

ఇప్పుడు ఈ తెల్లావిడ ఎక్కడో డ్రోహెడాలో కూర్చుని, మనిషి రావాల్సిందేనని పట్టుబట్టి రప్పించి, వరస కూడా తప్పకుండా నా ముందు పేరుస్తోంది. ఎవరైనా చెప్పారా ఈవిడకి? నా మొహం మీద రాసి ఉందా?

"ఇది కర్ర అమ్మడం కాదే. నా చేత దానాలు పట్టిస్తోంది" అన్నాను మధులికతో తెలుగులో.

మధులిక నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. నాకేమీ వద్దు, గాలంకర్ర కూడా వద్దు అని అబిగేయిల్‌కి ఇంగ్లీషులో చెప్పాను. నా గొంతు పెద్దదైంది. నాలుగు ముక్కలూ సంచిలో పెట్టి, ఆవిడ చేతికివ్వడానికి కూడా భయమేసి, మంచం మీద పెట్టి బయటికొచ్చేశాను.

కార్లో కూర్చున్నాను. శనివారం పోయింది. డెర్మట్ ఇంకెవరినో పిలుచుకుంటాడు, వచ్చే మేలో నన్ను అడగడు. ఏడుపొచ్చింది. ఇంత వయసొచ్చి, చేప పట్టడం రాని నేను, పడవలో చోటు పోయిందని ఏడుస్తున్నాను. ఆ ఏడుపు మీద మళ్లీ కోపం.

చాలాసేపటికి మధులిక వచ్చి పక్కన కూర్చుంది. ఏం చెప్పిందట మహాతల్లి అన్నాను.

"ఈ సామానంతా పారెయ్యడానికి రేపు పొద్దున్న పెద్ద చెత్తతొట్టి వస్తుందట. వాళ్లమ్మాయి మాట్లాడిందట. పాత సామాన్లు ఊరికే తీసుకునే ఛారిటీ షాపుకి ఈవిడే రెండుసార్లు తీసుకెళ్లి గుమ్మం దగ్గరనుంచే వెనక్కి తెచ్చుకుందట. కర్ర కోసం చాలామంది వచ్చారటండీ. బూట్లు చూపిస్తే ఒకడు మొహం అదోలా పెట్టి, చచ్చినవాడివా అన్నాడట. ఈ నెల్లోనే షీలిన్‌కి వెళ్తున్నానన్నది మీరొక్కరేనట. ఆవిడ మీకేం అంటగట్టట్లేదు. ఎవరూ పుచ్చుకోవట్లేదు, అంతే."

అప్పుడు చెప్పాను తాత సంగతి. పెళ్లయిన ఇన్నేళ్లలో చెప్పలేదు. గొడుగు దగ్గరనుంచి, పెళ్లిళ్లలో విడిగా వేసిన ఆకు దాకా అంతా చెప్పాను. మధులిక మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడకుండా వింది. ఎప్పుడూ ఏదో ఒకటి దెప్పే మనిషి అలా వింటే కూడా నాకు అనుమానమే.

"మరి మీ తాతగారు పట్టనంటే, ఆ ఇంటివాళ్లు ఏం చేసేవారండీ?" అంది చివరికి.

నాకు తెలియదు. మా నాన్న ఎప్పుడూ అవతలివైపు నుంచి చెప్పలేదు. గొడుగు పుచ్చుకున్నవాళ్ల సంగతి చెప్పాడు తప్ప, గొడుగు చేత్తో పట్టుకుని ఇవ్వడానికి మనిషి దొరక్క గుమ్మంలో నిలబడినవాళ్ల సంగతి ఎవరూ నాకు చెప్పలేదు. వాళ్లలో ఒకావిడ ఇప్పుడు నా ఎదురుగా ఉన్న తలుపు వెనకాల ఉంది. నేను ఆవిడని, మీ ఆయనకి తెలుసా అని అడిగాను. బుద్ధి ఉన్నవాడెవడైనా అడుగుతాడా ఆ మాట?

కారు దిగి మళ్లీ బెల్ కొట్టాను. అబిగేయిల్ తలుపు తీసింది. హాల్లో సామాన్లు నేను వదిలినచోటే ఉన్నాయి, కంబళి మాత్రం మడత పెట్టి ఉంది. నేను ముందు కర్ర సంగతి తేల్చాను. ప్రకటనలో ఉన్న ధరే ఇస్తాను, ఇందాక నేను చెప్పింది ధర కాదు, కొవ్వు అన్నాను. ఆ చివరిమాటకి ఇంగ్లీషు కుదరక ఏదో అన్నాను. ఆవిడకి అర్థమైనట్టే ఉంది. డబ్బు తీసుకుని స్వెట్టరు జేబులో పెట్టుకుంది.

మిగతావి మీ చేత్తో ఇవ్వండి అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఈసారి అనుమానం ఆవిడ వంతు. తర్వాత గొడుగు అందుకుని నా చేతిలో పెట్టింది. పుచ్చుకున్నప్పుడు మా తాత ఏం మంత్రం చెప్పేవాడో నాకు రాదు. థాంక్యూ అన్నాను. చేతికర్రకి ఒకసారి, కంబళికి ఒకసారి, దీపానికీ సీసాకీ మంచానికీ విడివిడిగా. నేను అందుకున్నది అందుకున్నట్టు మధులిక కారులో పెట్టొచ్చింది. పాపం వచ్చిందో లేదో నాకు తెలియదు. అనుమానం మాత్రం చివరి వస్తువు దాకా నాతోనే ఉంది.

బూట్లు మిగిలాయి. అవి ఆవిడ నా చేతికివ్వలేదు. వంగి, నా కాళ్ల ముందు పెట్టి, వేసుకుని చూడమంది. తోలు ఇంకా మనిషి పాదం ఆకారంలోనే ఉబ్బి ఉంది. నాకంటే రెండు సైజులు పెద్దవి. మెట్టు మీద కూర్చుని కాళ్లు దూర్చాను, లోపల చల్లగా ఉంది. లేసులు బిగించి లేచి నిలబడ్డాను.

"కొంచెం నడవండి" అంది అబిగేయిల్.

హాలు చెక్కనేల. గుమ్మం వైపు నడిచాను. బూట్ల మడమలకి ఇనప నాడాలున్నట్టున్నాయి, అడుగడుగుకీ ఇల్లంతా మోగింది. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. అబిగేయిల్ గోడకి ఆనుకుని నిలబడింది. కళ్లు మూసుకుంది. నేనాగిపోయాను.

"ఆగకండి. బయటికి వెళ్లండి. తలుపు వేసి, మళ్లీ లోపలికి రండి" అంది కళ్లు తెరవకుండానే.

ఎందుకని అడగలేదు. బయటికి వెళ్లి తలుపు వేశాను. మధులిక కారు దగ్గరనుంచి నావంక చూస్తోంది. గుమ్మం ముందున్న రాతిమెట్టు మీద బూట్లకి మట్టి ఏమీ లేకపోయినా, సరస్సు నుంచి ఇంటికొచ్చినవాడిలా రెండుసార్లు గట్టిగా దులిపి, తలుపు తోసుకుని లోపలికి నడిచాను.